తాళం వేసి ఉంచిన ఇంట్లో గెంతే పురుగులు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మేము ఏలూరులో ఇరవై ఏళ్ల నాటి డాబా ఇల్లు ఒకటి కొన్నాము. జ్యేష్ఠమాసంలో రిజిస్ట్రేషన్ అయింది. అమ్మినవారు తమ రెండు కుక్కలను తీసుకుని అప్పుడే ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆషాఢంలో గృహప్రవేశం కూడదని పెద్దలు చెప్పడంతో ఇంటికి తాళం వేసి, శ్రావణంలో పాలు పొంగించి వ్రతం చేసుకున్నాము. పీటల మీద కూర్చున్న మాకు, చాపల మీద కూర్చున్న బంధువులకు ఆ పూటే మడమల నుంచి మోకాళ్ల దాకా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఆవగింజ కన్నా సన్నగా, ముదురు గోధుమ రంగులో ఉన్న పురుగులు నేల మీద కనిపిస్తున్నాయి. వేలు పెట్టబోతే ఎగిరి మాయమవుతున్నాయి. పురుగుమందు కొట్టేవారిని పిలిపించి రెండుసార్లు కొట్టించాము. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తున్నాయి. మాకు పెంపుడు జంతువులు లేవు, నాలుగేళ్ల పాప ఉంది. ఇవి నల్లులా, గోమార్లా? కొట్టిన మందు నకిలీదా? అత్తగారు వేపాకు పొగ వేయమంటున్నారు. ఇంటికి ఏదో దోషం ఉందని పొరుగువారు అంటున్నారు. కొన్నాళ్లు ఇల్లు మూసి వేరేచోట ఉందామని మావారు అంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ముందుగా పొరుగువారి మాట మనసులో నుంచి తీసివేయండి. మీ ఇంటికి ఏ దోషమూ లేదు. కుక్కలు తిరిగిన ఇల్లు వానాకాలంలో రెండు నెలలకు పైగా మూతపడి ఉంటే జరిగేదే మీ ఇంట్లోనూ జరిగింది, దీనికి స్పష్టమైన కారణమూ ఉంది, అంతూ ఉంది.

మీరు వర్ణించిన పురుగును పశువైద్యులు ఫ్లీ అంటారు. మన వాడుకలో కుక్కపేను, గోమారి, పిడుదు అనే మాటలను దీనికీ దీని చుట్టుపక్కల పురుగులకూ కలగాపులగంగా వాడుతుండడం వల్ల మందుల దుకాణంలో పొరపాట్లు జరుగుతున్నాయి కనుక, ఇక్కడ ఫ్లీ అనే మాటనే వాడతాను. గోమారికి ఎనిమిది కాళ్లు ఉంటాయి, అది గెంతలేదు, కుక్క చెవి లోపల పట్టుకుని వేలాడుతూ రక్తం తాగి శనగగింజలా ఉబ్బుతుంది. నల్లి బల్లపరుపుగా ఉండి మంచం పట్టెల్లో, పరుపు కుట్ల వెంట దాగి రాత్రిపూట వచ్చి నడుము, భుజాలు, చేతులు కుడుతుంది, అదీ గెంతలేదు. ఫ్లీ రెండు మిల్లీమీటర్ల పొడవుతో, రెండు పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉంటుంది. అందువల్లే అది జంతువుల వెంట్రుకల మధ్య సులువుగా జారిపోతుంది. నేల మీది నుంచి సుమారు జానెడు ఎత్తుకు ఎగరగలదు. మీకు కాట్లు మోకాలి కిందనే ఉండడానికి, నేల మీద కూర్చున్నవారికి ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

ఇక అసలు సంగతికి వస్తాను. మీకు కనిపించే పురుగు ఆ సంతానంలో చాలా చిన్న వంతు. కుక్క ఒంటి మీద ఉన్న ఆడ ఫ్లీ రోజుకు నలభై, యాభై గుడ్ల వరకు పెట్టగలదు. పేను ఈపుల లాగా ఆ గుడ్లు వెంట్రుకను అంటుకుని ఉండవు. కుక్క ఒళ్లు విదిల్చినప్పుడల్లా ఉప్పురవ్వల్లా నేల మీద రాలిపోతాయి. కుక్క ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటుందో అక్కడే ఎక్కువగా రాలుతాయి. కొద్ది రోజులకు వాటిలో నుంచి కాళ్లు లేని, తెల్లటి, సన్నటి పిల్లపురుగులు వస్తాయి. ఇవి ఎవరినీ కుట్టవు. వెలుతురుకు భయపడి బండల సందుల్లోకి, బీరువాల అడుగుకు, గుమ్మం పట్టీల కిందకు పాకిపోయి, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తపు రవ్వలను తిని పెరుగుతాయి. వీటికి గాలిలో తేమ ఉండాలి. పొడి ఎండకు మాడిపోతాయి. వానాకాలంలో కిటికీలన్నీ బిగించి ఉంచిన మీ ఇంట్లో ఆ తేమకు కొదవే లేదు.

రెండు మూడు వారాలలో పిల్లపురుగు పట్టుపురుగు లాగానే తన చుట్టూ పట్టుదారంతో గూడు అల్లుకుంటుంది. ఈ గూడు దగ్గరే మీ ప్రశ్నకు జవాబు ఉంది. దారం జిగురుగా ఉండడం వల్ల ఇసుకరేణువులు, దుమ్ము, నూలుపోగులు దానికి అంటుకుని అది పూర్తిగా మట్టిరవ్వలా కనబడుతుంది. నేను పశువైద్యుడిగా పనిచేసిన రోజుల్లో ఇటువంటి ఒక ఇంట్లో మెట్ల కింద కుక్క పడుకునే గోనెసంచిని ఎత్తి, దాని కింది దుమ్మును చిటికెడు తెల్లకాగితం మీద పోసి భూతద్దంతో చూశాను. మొదట ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. కాగితం మీద నోటితో వెచ్చగా ఊది, వేలితో మెల్లగా నొక్కాను. నిమిషం గడవకముందే ఒక ఇసుకముద్ద చివర చిరిగింది, అందులో నుంచి పూర్తిగా ఎదిగిన ఫ్లీ బయటకు వచ్చి నా ముంజేతి మీదకు గెంతింది.

గూటిలో ఎదిగిన పురుగు తక్షణమే బయటకు రానవసరం లేదు. ఆహారం దొరుకుతుందన్న సూచన అందేవరకు, ఒక్కోసారి నాలుగైదు నెలల వరకు, అది గూటిలోనే ఆగి ఉండగలదు. అడుగుల అదురు, మీద పడే బరువు, ఒంటి వెచ్చదనం, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఇవే ఆ సూచనలు. బయటకు వచ్చి ఆహారం దొరకకపోతే ఒకటి రెండు వారాలకు మించి బతకడం కష్టం కనుక అది గూటిలోనే నిరీక్షిస్తుంది. రెండు నెలలకు పైగా నడిచే మనిషి లేని ఇంట్లో గూళ్లన్నీ నిండి ఉండగా, మీ గృహప్రవేశం రోజున అరవై డెబ్భై మంది ఒక్కసారిగా లోపల అడుగుపెట్టారు. ఆ పూటే అవన్నీ ఎందుకు లేచాయో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కొట్టిన మందు నకిలీదని నేను అనుకోవడం లేదు. ఆ పూట బయట ఉన్న పురుగులు చచ్చే ఉంటాయి. అయితే గూటి లోపలికి ఏ మందూ తగినంతగా చొరబడదు. నాలుగు రోజుల తరువాత మీకు కనిపించినవి తప్పించుకున్నవి కావు, కొత్తగా గూడు విడిచినవి. ఈ తేడా తెలియక చాలామంది మూడోసారి, నాలుగోసారి మరింత ఘాటైన మందు కొట్టిస్తారు. ఆ విషం పురుగుకు అందేకన్నా నేల మీద ఆడుకునే పసిపిల్లకు ఎక్కువగా అందుతుంది. దయచేసి ఆ దారిలో వెళ్లవద్దు.

మీకు ఊరటనిచ్చే విషయం ఒకటి ఉంది. కుక్కల మీద, పిల్లుల మీద బతికే ఈ ఫ్లీలు మనిషిని కుట్టగలవే కానీ మనిషి ఒంటి మీద, తలలో కాపురం ఉండవు, మనిషి రక్తం మీద ఆధారపడి తరతరాలుగా సంతానాన్ని నిలబెట్టుకోలేవు. మీ ఇంట్లో జంతువులు లేవు కనుక కొత్త గుడ్లు పడడం ఆగిపోయింది. అంటే మీరు ఎదుర్కొంటున్నది లెక్క ఉన్న గూళ్లను మాత్రమే. అయితే ఒక్క విషయం రూఢి చేసుకోండి: అటక మీద పిల్లి పిల్లలు పెట్టిందేమో, మెట్ల కింద వీధికుక్క పడుకుంటోందేమో, పెరట్లో పందికొక్కు బొరియలు ఉన్నాయేమో చూడండి. వాటిలో ఏది ఉన్నా మీ లెక్క తప్పుతుంది.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. ముందు పురుగులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించండి. మోకాళ్ల దాకా వచ్చే తెల్లటి సాక్సులు వేసుకుని ఒక్కో గదిలో అయిదేసి నిమిషాలు నెమ్మదిగా నడిస్తే తెలుపు మీద నల్లచుక్కలుగా అవి కనబడతాయి. ఎక్కువగా ఎగిరిన గది, ఎగిరిన మూల ఎక్కడో రాసి పెట్టుకోండి. రాత్రి ఆ మూలల్లో వెడల్పాటి తెల్లపళ్లెంలో నీళ్లు పోసి, గిన్నెలు తోమే ద్రవసబ్బు నాలుగు చుక్కలు కలిపి, పళ్లెం మీదకు ఒక చిన్న దీపం వెలుగు పడేలా ఉంచండి. వెచ్చటి వెలుగుకు గెంతిన ఫ్లీ ఆ నీళ్లలో మునిగిపోతుంది; సబ్బు లేకపోతే నీటి మీద నిలబడి తప్పించుకోగలదు. పాప అందుకోలేని చోట ఉంచాలని వేరే చెప్పనక్కరలేదు. పొద్దున్నే లెక్కపెట్టి ఆ అంకెను గోడకు తగిలించిన క్యాలెండరులో ఆ తేదీ కింద రాయండి. పురుగులన్నిటినీ పట్టడం ఈ పళ్లెం వల్ల కాదు. కానీ ముప్పై ఒకటి, ఇరవై మూడు, పంతొమ్మిది, పన్నెండు అని ఆ అంకెలు దిగుతూ ఉంటే మీ పని ఫలిస్తోందని కంటికి తెలుస్తుంది. కాట్లను బట్టి అంచనా వేసుకోవద్దు, ఒక్క పాత కాటే పది రోజులు దురద పెట్టగలదు.

రెండవ పని దుమ్ము తీయడం. ఈ బాధకు అన్నిటికన్నా గొప్ప మందు ఇదే. అమెరికాలోని ఓహైయో స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించిన పరిశోధనలో, వాక్యూమ్ క్లీనర్‌తో లాగిన పెద్ద ఫ్లీలలో 96 శాతం, పిల్లపురుగులు, గూళ్లు అయితే పూర్తిగా, చచ్చిపోయినట్టు తేలింది. ఆ యంత్రం అదురు గూళ్లలో ఆగి ఉన్నవాటిని బయటకు రప్పించడం మరో మేలు. మీ దగ్గర అది లేకపోతే నెల రోజులకు ఎవరి దగ్గరైనా తెచ్చుకోండి. సన్నమూతి తగిలించి బండల సందులు, గోడ నేలను కలిసే అంచు, గుమ్మాల పట్టీలు, బీరువాల అడుగు, మెట్ల కింద, అటక, ఇవన్నీ రెండు వారాలపాటు రోజూ, ఆ తరువాత రోజు విడిచి రోజు లాగండి. పట్టిన దుమ్మును వెంటనే కవరులో మూటగట్టి ఇంటి బయట పారవేయండి. ఉత్త చీపురుతో పొడిగా ఊడిస్తే గుడ్లు ఈ గది నుంచి ఆ గదికి చెదిరిపోతాయి. చీపురే గతి అయితే ముందు నేల మీద కాస్త నీళ్లు చిలకరించి ఊడ్చి, సబ్బునీళ్లతో సందులను బ్రష్షుతో రుద్దించండి. పాత ఇళ్లలో నాపరాళ్ల మధ్య సిమెంటు లేచిపోయి ఏర్పడిన సందులే వీటి అసలు నివాసం. పురుగులు తగ్గాక ఆ సందులను సిమెంటుతో పూడిపించండి, ఆ ఖర్చు దండగ కాదు.

అమ్మినవారు వదిలిపోయిన గోనెసంచులు, పాత చాపలు, కాళ్లు తుడుచుకునే పట్టాలు ఏవీ ఉంచవద్దు. దుప్పట్లు, దిండు గలీబులు వేడినీళ్లలో ఉతికి, పరుపులను తీవ్రమైన ఎండలో పడేయండి. పెరట్లో ఎండ నేరుగా తగిలే చోట గురించి బెంగపెట్టుకోవద్దు, అక్కడ పిల్లపురుగు బతకదు. నీడ, చెమ్మ, ఎండుటాకులు ఉన్న చోట, కారు నిలిపే షెడ్డు వెనుక, మిగిలిన ఇసుక కుప్ప దగ్గర శుభ్రం చేయించండి.

మందు విషయంలో, పురుగుమందు కొట్టేవారిని పిలిచేటప్పుడు వారికి లైసెన్సు ఉందా అని తప్పక అడగండి. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం ఆ పని చేసేవారికి అది ఉండితీరాలి. ఫ్లీలు అని స్పష్టంగా చెప్పి, పెద్ద పురుగులను చంపే మందుతోపాటు పైరిప్రాక్సిఫెన్ గానీ మెథోప్రీన్ గానీ కలిపి కొట్టగలరా అని అడగండి. ఈ రెండూ గుడ్డునూ పిల్లపురుగునూ పెద్దవి కానివ్వకుండా ఆపే మందులు. ఎండ తగలని ఇంటి లోపల చాలా నెలలు పనిచేస్తాయి. అది దొరకకపోయినా దిగులుపడవద్దు, దుమ్ము తీసే పని శ్రద్ధగా సాగితే చాలావరకు అదే సరిపోతుంది. మందు కొట్టిన తరువాత నేల పూర్తిగా ఆరి, గాలి ఆడేవరకు పాపను లోపలికి తీసుకురావద్దు.

పురుగుమందుల దుకాణంలో ఎవరో ఇచ్చారని పొలం మందులు ఇంట్లో చల్లించడం అత్యంత ప్రమాదకరం. గమాక్సిన్ పేరుతో మన పెద్దలు ఎరిగిన బిహెచ్‌సి పొడిని మన దేశంలో 1997లోనే నిషేధించారు. ఇళ్లలో విచ్చలవిడిగా వాడిన డైక్లోర్వాస్ కూడా 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధంలో ఉంది. ధాన్యం కొట్లలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మనుషులు నిద్రించే ఇంట్లో వెలువరించే వాయువు ప్రాణాలు తీస్తుంది. కిరోసిన్‌తో నేల తుడవడం నిప్పుతో చెలగాటం.

మీ అత్తగారి సలహాను నేను తీసిపారేయను. పొగ వేస్తే బయట ఉన్న పురుగు కాసేపు ఇబ్బంది పడవచ్చు. కానీ గూటిలో ఉన్నదానికి ఆ పొగ తెలియదు, పసిపిల్ల ఊపిరికి మాత్రం అది మంచిది కాదు. ఆవిడ తరం రోజూ చేసిన రెండు పనులు, పక్కబట్టలు ఎండలో వేయడం, మూలమూలనా ఊడ్చి కడగడం, ఈ పురుగుకు పొగ కన్నా ఎంతో ఎక్కువ శత్రువులు. ఆ పనులను ఆవిడ పర్యవేక్షణలో జరిపించండి.

మీవారి ఆలోచన ఒక్కదానికే నేను గట్టిగా అడ్డు చెబుతాను. ఇల్లు మూసి వెళ్లిపోతే గూళ్లలో ఉన్నవి మళ్లీ ఆగిపోతాయి, మీరు తిరిగి వచ్చిన రోజున మళ్లీ గృహప్రవేశం రోజే ఎదురవుతుంది. మీరు అక్కడే ఉండి, అన్ని గదుల్లో తిరుగుతూ ఉంటేనే అవి బయటకు వస్తాయి, వచ్చినవి మందుకో, వాక్యూమ్‌కో, సబ్బునీళ్లకో దొరుకుతాయి. పాపను కొన్నాళ్లు అమ్మమ్మగారింట్లో ఉంచగలిగితే ఉంచండి. కుదరకపోతే మంచం గోడకు తగలకుండా జరిపి, దుప్పటి అంచు నేలకు వేలాడకుండా మడిచి పడుకోబెట్టండి, ఇంట్లో కాళ్లు కప్పే పైజామా వేయండి. దద్దుర్లను గోకితే చీము పడుతుంది కనుక గోళ్లు కత్తిరించి, చల్లటి నీళ్లతో కడిగి, కాలమైన్ లోషన్ రాయండి. దద్దుర్లు ఒళ్లంతా పాకినా, జ్వరం వచ్చినా పిల్లల వైద్యుడికి చూపించి, పురుగులు కుట్టిన సంగతి తప్పక చెప్పండి.

సరిగా చేస్తే మూడు నాలుగు వారాలలో క్యాలెండరు మీది అంకె ఒకటికో రెండుకో దిగుతుంది. ఆ తరువాత కూడా సంక్రాంతి లోపల ఎప్పుడో ఒకటి కనిపించవచ్చు. అది చివరి గూళ్లలో ఒకటి అనుకుని ఆ మూలలో దుమ్మును మరోసారి లాగండి.

ప్రశ్న: అమెరికాలో డల్లాస్ దగ్గర ఇల్లు కొన్నాము. ఇంతకుముందు ఉన్నవారికి పిల్లులు ఉండేవట. ఇల్లంతా కార్పెట్. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకు కింద కూర్చుని తినడం అలవాటు. వాళ్లకే ఎక్కువగా కుడుతున్నాయి. కార్పెట్ మొత్తం పీకించాలా? మా స్నేహితులు వాళ్ల పిల్లిని మాకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: కార్పెట్ పీకించనక్కరలేదు. పైన చెప్పినదంతా మీకూ వర్తిస్తుంది. కాకపోతే మీకు బండల సందుల స్థానంలో కార్పెట్ పోగుల అడుగు ఉంది. వాక్యూమ్‌ను ఒకే చోట అటూ ఇటూ నాలుగైదుసార్లు నెమ్మదిగా నడపండి, సోఫా కింద, మెత్తల మధ్య మరవవద్దు. మెథోప్రీన్ లేదా పైరిప్రాక్సిఫెన్ కలిసిన స్ప్రేలు మీకు అక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయి. గది మధ్యలో పెట్టి మీట నొక్కితే పొగమంచులా చిమ్మే డబ్బాలను మాత్రం కొనవద్దు. ఆ మందు పైనుంచి పడుతుందే తప్ప మంచాల కిందకు, సోఫాల అడుగుకు చేరదు, వెలుగుతున్న గ్యాస్ మంట ఉంటే అంటుకునే ప్రమాదమూ ఉంది. అమ్మానాన్నలకు నెల రోజులు భోజనం బల్ల మీద పెట్టండి.

పిల్లిని ఇప్పుడే తీసుకురావద్దు. అది మెత్తగా నడిచే ఆహారం అవుతుంది, ఆగిపోయిన గుడ్ల వరుస మళ్లీ మొదలవుతుంది. పళ్లెంలో రెండు వారాలు వరుసగా ఏమీ పడకపోయాక, పశువైద్యుడు ఇచ్చిన ఫ్లీ నివారణ మందు వేయించి తెచ్చుకోండి. ఒక్క హెచ్చరిక: కుక్కల కోసం తయారైన పర్మెత్రిన్ మందును పిల్లికి పొరపాటున కూడా వేయకూడదు. అది పిల్లులకు విషం, వణుకు పట్టి చనిపోతాయి. మీ పెరట్లోకి ఒపోసమ్‌లు (పిల్లి అంత ఉండే అక్కడి అడవి జంతువులు), ఊరపిల్లులు వస్తుంటే వాటికి తిండి దొరకకుండా చూడండి. మీ రాష్ట్రంలో ఫ్లీల ద్వారా వచ్చే టైఫస్ జ్వరం ఉంది.

ప్రశ్న: చిత్తూరు జిల్లాలో పాత పెంకుటిల్లు కొన్నాము. ఎలుకలు విపరీతం. ఎలుకల మీది పురుగులే ప్లేగు తెస్తాయని చదివి భయంగా ఉంది. ఎలుకల మందు పెట్టేయమంటారా?
— ఒక పాఠకుడు

జవాబు: ప్లేగు ఎలుక నుంచి మనిషికి ఫ్లీ ద్వారా వస్తుందని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రయోగం చేసి చూపించిన మాట నిజం. మన దేశం 1994లో సూరత్ ప్లేగు రోజులను చూసిన మాటా నిజం. అయినా ఇంట్లో ఎలుకలు ఉన్నంత మాత్రాన ప్లేగు ఉన్నట్టు కాదు. రోగపు ఎలుక ఉంటేనే ఆ మాట. కానీ మీ ప్రశ్నలో ఒక ముఖ్యమైన విషయం ఉంది. విషం తిన్న ఎలుక ఏ దూలం మీదో చచ్చి చల్లబడగానే దాని మీది ఫ్లీలు వెచ్చటి ఒంటి కోసం కిందకు దిగుతాయి, అప్పుడు దొరికేది మీరే. అందువల్ల ముందు ఎలుకల దారుల వెంట, బొరియల దగ్గర లైసెన్సు ఉన్నవారితో ఫ్లీల మందు వేయించండి, కొన్ని రోజులు ఆగి ఎలుకలను బోనులతో పట్టించండి, ఆ తరువాత పెంకుల సందులు, గోడ రంధ్రాలు మూయించండి. చచ్చిన ఎలుకను చేత్తో ముట్టవద్దు. కవరు తొడుక్కుని తీసి, పూడ్చిపెట్టండి. మందు ఏమీ పెట్టకుండానే ఎలుకలు వరుసగా చచ్చి పడుతుంటే మాత్రం ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయండి.